ఫోటో తీసినాయన

మా ఆయన పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. తిథి నాడు పీట మీద పెట్టడానికి ఆయన ఫోటో ఒక్కటీ లేదు.

కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది. "నువ్వు నిలబడు, కదలకు, నేను తీస్తాను" అనేవారు. పెళ్ళి ఆల్బమ్ వరద నీళ్ళకి నాని, పేజీలన్నీ అంటుకుపోయినాయి. చావు రాయించిన రోజునే ఆయన ఫోటో ఉన్న ఐసీ, అదే మా మలేషియా గుర్తింపు కార్డు, ఆఫీసులో అప్పగించేసినాను. ముందుగా నకలు తీయించుకోవాలని తోచలేదు. ఆ తప్పు నాదే. కళ్ళు మూసుకుంటే గొంతు వినిపిస్తుంది గానీ ముఖం సగంలో ఆగిపోతుంది.

నేను బడికి పోలేదు. మా అమ్మ బియ్యప్పిండిలో రాయించిన తెలుగే నా చదువు, దేవుడి దయవల్ల అది చాలింది. ఇంగ్లీషైతే మనవరాలు చదివి చెప్తుంది. ఓ మధ్యాహ్నం అది బడి పని కోసం చందమామ మీద దిగినవాళ్ళ ఫోటోలు చూస్తోంది. తెల్లటి బొంతలాంటి బట్టల్లో ఒక్క మనిషి. చుట్టూ బూడిద. పట్టపగలే నల్లటి ఆకాశం.

"మరి ఈయన్ని తీసినాయన ఏడే?"

"ఇక్కడే ఉన్నాడు, అమ్మమ్మా!" అని బొమ్మ పెద్దది చేసింది. ఆ మనిషి తలకున్న అద్దంలో బియ్యపుగింజంత ఇంకో మనిషి.

"ముఖం కనపడదేటి?"

"కనపడదు. ఉన్నాడు, అంతే."

లేచి బీరువా తెరిచి, నా పాత ఫోటో ఒకటి బయటికి తీశాను.

కువాలా సెలంగోర్ కొండ మీద, కోతుల మధ్య, ఆయన తన నల్ల కళ్ళజోడు నాకు పెట్టి, నవ్వుతూ తీసిన ఫోటో అది. రెండు అద్దాల్లోనూ ఆయనున్నారు. మోచేతులు ఎత్తి, ముఖం ఉండాల్సిన చోట కెమెరా పెట్టుకుని. అద్దం వరకే పెద్దది చేయించి చూశాను, బూడిదరంగు చుక్కలే మిగిలాయి. అందుకని ఫోటో మొత్తం కట్టించాను.

తిథి నాటి ఉదయం ఆయన అక్క, మా వదిన, మల్లెదండ పట్టుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటే, మతి పోయిందేటి? ఇది నీ ఫోటో! బతికున్నదాని మెడలో దండేస్తావా?"

"ఆ కళ్ళజోడులోకి చూడండి వదినా."

ఫ్రేము ముక్కు దాకా తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"ఆడే" అంది చివరికి. "సిన్నప్పట్నుంచీ మోచేతులు అలాగే ఎత్తుతాడు." ఆ మాట వెనకే, "అయినా దండ మాత్రం ఏయనియ్యను" అని దాన్ని చుట్టగా చుట్టి దీపం ముందు పళ్ళెంలో పెట్టింది. నా కోసమే ఆ భయమంతా. ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ ఫోటో ఇప్పటికీ పీట మీదే ఉంది. రోజూ పొద్దున్నే దీపం పెడుతుంటే ఎదురుగా నేనే నవ్వుతుంటాను. ఆ రెండు నల్ల అద్దాల్లోంచి ఆయన నన్ను చూస్తుంటారు. అగ్గిపుల్ల ఆర్పి చెయ్యి వెనక్కి తీసుకున్నాక కాసేపు కదలకుండా నిలబడతాను. కదిలితే ఆయన చెదిరిపోతారేమోనని.