చిటికెన వేలంత గొట్టం

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే తిట్లు తగ్గుతాయని మా అమ్మ అంటుంది. తగ్గలేదు.

పక్కింటి డోరీన్ ఆంటీ వాళ్ళ అటక మీద రెండు నీళ్ళ ట్యాంకులున్నాయి. చిన్నది బాయిలర్‌కీ గదులు వెచ్చబెట్టే రేడియేటర్లకీ, పెద్దది స్నానాల గదికి. ఇంగ్లండులో మా కోల్న్ ఊళ్ళో ఆ కాలం ఇళ్ళన్నిటికీ అంతే. ఇక్కడ పుట్టినవాడికి ఎవడూ చెప్పక్కర్లేదు. ఇక్కడే పుట్టిన నేను, మంగళవారం పొద్దున, రేడియేటర్ గొట్టాలు కడిగే మందు సీసాడూ పెద్దదాంట్లో పోశాను. సాయంత్రం ఆంటీ స్నానానికి కుళాయి తిప్పింది. తొట్టి నిండా నురగ.

"కీరన్! ఈ సబ్బు నేను కొన్లేదు కదరా!" అన్న కేక మా ఇంట్లోకి వినబడింది.

సరదాకి చేసిన పని కాదది. ఆర్నాల్డ్ అంకుల్ ఊపిరితిత్తుల జబ్బుతో మూడు వారాలుగా ఆసుపత్రిలో ఉన్నాడు. శుక్రవారం ఇంటికి పంపుతామన్నారు. మెట్లెక్కలేడు కాబట్టి కింద ముందు గదిలో మంచం వేశాం. ఆ గదిలో రేడియేటరేమో శవంలా చల్లగా ఉంది. గది వెచ్చగా లేకపోతే ఇంటికి పంపేది లేదని, చలికాలమంతా వృద్ధుల ఆశ్రమంలో ఉంచుతామని వార్డు నర్సు ఖరాఖండిగా చెప్పేసింది.

"చలికాలానికని వెళ్ళినవాళ్ళు ఎండాకాలానికి తిరిగొచ్చింది నేనెప్పుడూ చూళ్ళేదు నాన్నా," అంది ఆంటీ.

అందుకే పోశాను. పోసి రెండు రోజులు పాడు చేశాను. గురువారం పొద్దున ప్లంబర్ నెవిల్ ఆర్మరాడ్ గారు రాక తప్పలేదు.

నెవిల్ గారికి అరవై అయిదేళ్ళు. ఉద్యోగ విరమణ ఇప్పటికి రెండుసార్లు అయింది. రెండుసార్లూ పబ్బులో విందు చేసి, రెండుసార్లూ గోడ గడియారమే ఇచ్చారు. రెండుసార్లూ ఆ పై సోమవారమే ఎవరో ఒకరు ఫోన్ చేశారు. ఈ పేటలో ఇళ్ళన్నిటికీ రేడియేటర్లకి వెళ్ళే రాగి గొట్టాలు చిటికెన వేలంత కూడా లావుండవు. ఏళ్ళ తరబడి తుప్పు కరిగి నల్లటి బురదై వాటిలో పేరుకుంటుంది. కుర్ర పనివాళ్ళు వచ్చి చూసి, నేలంతా పీకి కొత్తవి వేయాలని చెప్పి, టీ తాగి పోతారు. ఉన్నవాటినే కడిగే ఓపిక ఈయనకొక్కడికే ఉంది. ఉందంటే, ఆయన లేదనే అంటాడు.

ఆయనెంత అలసిపోయి ఉంటాడో ఒక్క ముక్కలో చెబుతాను. పోయినేడాది ఆయన వ్యాను మీద 'అమ్మకానికి కలదు' అని కాగితం అంటించి, కింద ఆయన నంబరు రాశాను. ముగ్గురు ఫోన్ చేశారు. మూడోవాడితో ఈయన బేరం మొదలుపెట్టాడు.

లోపలికొస్తూనే రెండో మెట్టు మీద కూలబడి, మోకాళ్ళకి తోలు పట్టీలు కట్టుకున్నాడు.

"ఈ వారం ఇది ఆరోది తల్లీ," అన్నాడు ఆంటీతో. "టీలో చక్కెర నాలుగు చెంచాలు వెయ్యి. వద్దని డాక్టరన్నాడులే, ఆయన ఇళ్ళల్లో గొట్టాలు కడగడు కదా."

తర్వాత నన్ను చూశాడు. "నురగ మహారాజు ఇతగాడేనా?"

"నేనే గురువుగారూ."

"సరే. బకెట్టు పట్టుకో. ఇంకేదీ పట్టుకోకు."

ముందు పెద్ద ట్యాంకు ఖాళీ చేసి కడిగాడు. మిగతా రేడియేటర్లన్నీ కట్టేసి, పంపు తగిలించి, ఉన్న జోరంతా ముందు గది మీదికే తోలాడు. రబ్బరు సుత్తితో గొట్టాన్ని తట్టుకుంటూ పోయాడు, పసిబిడ్డకి తేన్పు రావడానికి వీపు తట్టినట్టు. గంట గడిచినా రేడియేటర్‌లో చలనం లేదు. రెండు గొట్టాలూ విప్పి చూస్తే, నీళ్ళు తిరిగొచ్చే గొట్టం శుభ్రంగానే ఉంది. వేడినీళ్ళు తెచ్చేదాంట్లోంచి మాత్రం చుక్కా చుక్కా రాలుతోంది.

మధ్యాహ్నం దాటింది. ఆంటీ గదిలోకొచ్చి, మంచం మీది దుప్పటి మడత విప్పి, మళ్ళీ మడిచింది. నాలుగింటికి నర్సు ఫోన్ చేసి అడుగుతానంది.

"పైన మెట్ల చివర నేల చెక్కలు లేపాలి," అన్నాడు నెవిల్ గారు. మెట్లెక్కుతూ రెండు చోట్ల ఆగాడు. పైకెళ్ళాక కొలత కూడా తీయకుండా, తివాచీ మడిచి, సరిగ్గా ఒక్క చెక్క లేపాడు. గొట్టాలన్నీ చీలే చోటు దాని కిందే ఉంది.

"ఎలా తెలిసింది గురువుగారూ?"

"వేసింది నేనే. పంతొమ్మిదేళ్ళవాణ్ణి. ఇంటికింత అని కూలి, ఎంత తొందరగా చేస్తే అంత డబ్బు. చేత్తో వంచితే వంగే గొట్టం కదా, రోజుకో ఇల్లు లేపేసేవాణ్ణి."

టార్చి వేసి, చెంప నేలకానించి చూశాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఏమైంది?" అని కిందనుంచి ఆంటీ.

ఆయన టార్చి నా చేతికిచ్చాడు. నేనూ బోర్లా పడుకుని చూశాను. గొట్టం దూలాన్ని చుట్టి కిందికి దిగే చోట వంపు తిరిగింది. గుండ్రంగా ఉండాల్సింది, చెప్పు కింద నలిగిన స్ట్రాలా చదునుగా అణిగిపోయి ఉంది. బురదంతా చేరి గడ్డకట్టింది అక్కడే. ఏ మందు పోసినా కరిగేది కాదు.

"తల్లీ," అన్నాడు నెవిల్ గారు మెట్ల వైపు తిరిగి, "తప్పు ఈ కుర్రాడిది కాదు. నాది. నలక్కుండా లోపల స్ప్రింగు పెట్టి వంచాల్సింది, మోకాలికి ఆనించి వంచేశాను."



"నలభై ఆరేళ్ళ నుంచీ ఆ గది చలిగానే ఉంది నెవిల్," అంది ఆంటీ. "ఆర్నాల్డ్ ఆ తప్పు కిటికీదనుకుని, కిటికీని రెండుసార్లు మార్పించాడు."

ఆయన తల దించుకున్నాడు. రంపం తీసి, ఆ వంపుని జానెడు మేర కోసేశాడు. కొత్త ముక్కలోకి స్ప్రింగు దూర్చి, ముసలివేళ్ళతో నెమ్మదిగా, ఎవరో పరీక్ష పెడుతున్నట్టు వంచాడు. బిగించాక తోట కుళాయి గొట్టం తగిలించి నీళ్ళు వదిలాడు. కింద నేను పట్టుకున్న బకెట్టులోకి తారు లాంటి నల్లటి నీళ్ళు దూకాయి, నా చొక్కా మీదికి కూడా. తర్వాత గోధుమరంగు. తర్వాత తేటనీళ్ళు.

అన్నీ కలిపి బాయిలర్ వెలిగించేసరికి నాలుగుకి పది నిమిషాలుంది. ఆంటీ రెండు చేతులూ రేడియేటర్ మీద పెట్టి నిలబడింది. ఫోన్ మోగింది. ఒక్క చెయ్యే తీసి ఎత్తింది.

"పంపించండి," అంది నర్సుతో. "వెచ్చగా ఉంది. కాలుతోంది కూడా."

నెవిల్ గారు మళ్ళీ అదే మెట్టు మీద కూర్చుని పట్టీలు విప్పుకుంటున్నాడు.  నాకు జాలేసింది, కానీ నోరు ఆగదు కదా.

"పోనీలెండి గురువుగారూ. ఒక్క వంపేగా. ఊళ్ళో ఎవరికీ చెప్పన్లెండి."

"ఒక్కటా?" అన్నాడు తలెత్తకుండా. "ఈ పేటలో ముప్పై ఎనిమిది ఇళ్ళురా. అన్నిట్లో ఇదే దూలం, ఇదే మోకాలు. నీ ఎకసెక్కాలు తర్వాత, ముందు పోయి మీ ముందు గది రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూసుకో."