మా అవ్వ ఇల్లమ్మిన తీరు

నా చిన్నప్పుడు మా ఇల్లు అమ్మకానికి వచ్చింది. అమ్మడమంటే కొనేవాళ్ల కళ్లు కప్పడమేనని ఆ వయసులో నాకు గట్టి నమ్మకం. గాజులవాడు పగిలిన గాజును వరుస మధ్యలో దాచడం, సంతలో వంకాయల గంపలో పుచ్చులు అడుగున పెట్టడం చూస్తూ పెరిగినదాన్ని మరి. ఆ నమ్మకాన్ని మా అవ్వ ఒక్క ఎండాకాలంలో తుడిచిపెట్టేసింది. ఈమధ్య మహబూబ్‌నగర్‌లో నా ఇంటిని ఏ ఏజెంటూ లేకుండా నేనే అమ్ముకుంటే, మా కోడలు "ఇవన్నీ ఎక్కడ నేర్చినవత్తమ్మా" అని ముక్కున వేలేసుకుంది. ఎక్కడో ఇప్పుడు చెబుతాను.

మాది ఆత్మకూరు. అవ్వంటే మా నాయినను కన్నతల్లి. తాత పోయాక ఇల్లు ఆమె పేరు మీదే ఉండేది. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను. నాయిన యాదగిరిగుట్టలో, కొండ కింద కొబ్బరికాయల దుకాణం పెట్టుకున్నాడు. నలుగురు దుకాణాలవాళ్లు కలిసి కిరాయికి తీసుకున్న ఒక్క గదిలో పడుకునేవాడు. పండగలకు వచ్చేవాడు. వచ్చిన రాత్రి నేను ఆయన అంగీ కొసను పిడికిట్లో పట్టుకొని నిద్రపోయేదాన్ని. ఎంత గట్టిగా పట్టుకున్నా, సెలవు అయిపోయిన రోజు పొద్దున నా పిడికిట్లో ఏమీ ఉండేది కాదు.

ఆ ఎండాకాలం నాయిన ఒక కబురు పంపాడు. గుట్టలో ఒక చిన్న ఇల్లు చూశాడట. ఇంటాయన మంచివాడు, ఆషాఢం వచ్చేలోపు మాట తేల్చుకుంటే మనకే ఇస్తానన్నాడట. ఆషాఢంలో ఎవరూ ఇళ్లు కొనరు, తర్వాత ఆయన ఆగడు. ఆత్మకూరు ఇల్లు ఆలోపు అమ్ముడుపోతే అందరం గుట్టకు వెళ్లిపోతాం. లేకపోతే నాయిన అక్కడ, మేం ఇక్కడ, మళ్లీ ఎన్నేళ్లకో. నాకు ఇల్లూ వద్దు, గుట్టా వద్దు, నాయిన కావాలి. అంతే.

మా ఇల్లు చెడ్డదేమీ కాదు. మట్టి మిద్దె, దక్షిణం వాకిలి, ముందు విశాలమైన అరుగు. చిక్కల్లా వీధితోనే. బజారు నుంచి వచ్చే వీధి తిన్నగా మా తలుపు దాకా వచ్చి, అక్కడ ఆగి, రెండు పక్కలకూ చీలిపోయేది. దాన్నే వీధి పోటు అంటారు. వీధి ఇంటిని పొడుస్తుందని, అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లకు అచ్చిరాదని పెద్దల మాట. దానికి విరుగుడుగా మా తాత గోడలో చిన్న వినాయకుణ్ని పెట్టించాడు. "పొట్ట అడ్డం పెట్టుకొని వీధినంత ఆపుతాండు పాపం" అని అవ్వ ఆయన్ని చూసి నవ్వేది.

ఊళ్లో ఇల్లూ పొలమూ ఏది చేతులు మారినా ఒక దలాల్ మధ్యలో ఉండాల్సిందే. ఆయన వచ్చాడు, వీధి వైపు చూశాడు, తలాడించాడు. తర్వాత తన ఉపాయం చెప్పాడు. ఇంటికి సున్నం కొట్టించాలి. కొనేవాళ్లను వెనక సందులోంచి పెరటి తలుపుగుండా తీసుకొస్తాడు. ముంగటి తలుపు మూసే ఉంచాలి. ఆడవాళ్లు మధ్యలో మాట్లాడకూడదు. ధర కూడా బాగా తగ్గించుకోవాలి.

అవ్వ అంతా విని ఒకే మాట అడిగింది. "కొన్నంకనన్న ముంగటి తలుపు తియ్యరా బిడ్డా వాళ్లు?"

"తీస్తరు. గప్పటికి కాయితాలు అయితయి గదవ్వా."

"అయితె నువ్వు పోయిరా. నా ఇల్లు నేనే అమ్ముకుంట."

దలాల్ లేకుండా, మగదిక్కు ఊళ్లో లేకుండా ఆడవాళ్లు ఇల్లు అమ్మడమేమిటని వాడంతా చెవులు కొరుక్కుంది. దలాల్ ఊరుకుంటాడా? ఆ ఇంటికి వీధి పోటుందని, తాను కాబట్టి ఎవరికో ఒకరికి అంటగట్టేవాడినని బజారులో టముకు వేశాడు. అవ్వ మాత్రం సున్నం కూడా కొట్టించలేదు. కిందటి వానకు మిద్దె కారిన మరక గోడ మీద అలాగే ఉంది.

అయినా ఒక రైతు వెతుక్కుంటూ వచ్చాడు. పక్క పల్లె మనిషి, పిల్లల చదువుకని ఆత్మకూరులో ఇల్లు చూస్తున్నాడు. అన్నీ నచ్చాయి. నేను లోపల గుట్టకు మూట కట్టేసుకున్నంత సంబరపడ్డాను. అంతలో మా అవ్వ తనంతట తానే ఆయన్ని వీధిలోకి తీసుకెళ్లి, వీధి పోటును వేలుపెట్టి చూపించింది. ఆయన మొహం మాడిపోయింది. నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "నువ్వే చెడగొట్టినవ్, నాయినను రానిస్తలేవు" అని అవ్వ మీద పడి కొట్టాను. నేను కొట్టడం అయ్యాక ఆమె నా చేతులు పట్టుకుంది. తర్వాత మెల్లగా అంది. "గాయనకు గీ ఇల్లు గాదు బిడ్డా. మనసుల పురుగు వెట్టుకొని కొంటె, రేపు ఆయన బర్రె సచ్చినా మన పేరే వెడ్తడు." నాకు ఆ మాట బుర్రకెక్కలేదు. ఆయన బర్రెతో మనకేం పని అనుకున్నాను. ఆ పూట అన్నం కూడా తినలేదు.

మర్నాటి నుంచి అవ్వ అరుగు మీద కూర్చుని వీధిని చూడడం మొదలుపెట్టింది. పని లేనట్టు కనిపించింది గానీ, నాకు తర్వాత తెలిసింది, ఆమె మనుషులను వెతుకుతోందని. ఇల్లు బాగుందా బాగాలేదా అన్న లెక్కే ఆమెకు లేదు. ఈ ఇల్లు ఎవరికి పనికొస్తుంది, వీధి తన దగ్గరికే రావాలని కోరుకునేవాళ్లు ఈ ఊళ్లో ఎవరు? అదొక్కటే ఆలోచన. ఆడపిల్లకు సంబంధం చూసినట్టు చూసిందనుకోండి.

బజారు వెనక ఇరుకు సందులో ఒక దర్జీ ఉండేవాడు. పనిమంతుడే. కానీ ఆ గదిలోకి పట్టపగలు కూడా వెలుతురు దూరేది కాదు. సూదిలోకి దారం ఎక్కించాలంటే భార్యను పిలిచేవాడు. కొత్తవాళ్లు ఆయన కొట్టు ఎక్కడో తెలియక బజారు మీదున్న ఇంకో దర్జీ దగ్గరికి పోయేవాళ్లు. అవ్వ నన్ను వెంటబెట్టుకొని ఆయన దగ్గరికి వెళ్లింది. ఇంటి మాట ఎత్తనే లేదు. కుట్టాల్సిన బట్టలు చాలా ఉన్నాయి, మిషన్ తెచ్చుకొని మా అరుగు మీద కూర్చొని కుట్టమని అడిగింది.

మా వైపు పెళ్లిళ్లకు అలా చేసే అలవాటుండేది. దర్జీ మిషన్‌తో సహా పెళ్లివారింటికి వచ్చి, ఇంటిల్లిపాది బట్టలూ అక్కడే కూర్చొని కుట్టి వెళ్లేవాడు. కాకపోతే మా ఇంట్లో పెళ్లి లేదు. పెళ్లీడు మనిషే లేదు. పొద్దున్నే మిషన్ అరుగు మీదికి ఎక్కగానే బజారు నుంచి వచ్చేవాళ్లందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. పడక ఏం చేస్తాయి, వీధి తెచ్చి వదిలేది అక్కడికే కదా. "పెండ్లెవరికవ్వా" అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. పక్కింటి అక్క నా బుగ్గ గిల్లి, "దీనికేనా, మాకు చెప్పనే లేదు" అంది. నేను సిగ్గుతో పెరట్లోకి పరుగెత్తాను.

పెళ్లి సంగతి తేల్చుకోవడానికి ఆగినవాళ్లు ఊరికే పోలేదు. ఒకామె పిల్లవాడి చిరిగిన నిక్కరు తెచ్చింది. ఇంకొకామె చీరకు అంచు వేయించుకుంది. సంతకు పోయే ఒక ముసలాయన అరుగు మీద కూర్చొని అంగీ విప్పి, జేబు కుట్టించుకొని తొడుక్కొని పోయాడు. దక్షిణం వాకిలి కాబట్టి అరుగు మీద రోజంతా వెలుతురే. దర్జీ భార్య పక్కన గుండీలు కుడుతూ కూర్చుంది గానీ, ఆయన సూదికి దారం కోసం ఆమెను ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ సంగతి ముందు గమనించింది ఆమే. కుట్టడం ఆపి, అరుగును, వీధిని, ఇంటిని ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

పొద్దు వాలేసరికి మా బట్టలు సగం మిగిలిపోయాయి, ఊరి బట్టలు కుప్ప పడ్డాయి. దర్జీ మొహమాటపడుతూ అడిగాడు. "అవ్వా, గీ అరుగు నాకు కిరాయికిస్తవా?"

"అరుగియ్య. ఇస్తె ఇల్లే ఇస్త," అంది అవ్వ.

అవ్వ వెంటనే బేరంలోకి దిగలేదు. మరకపడిన గోడ చూపించింది, ఏటా వానలకు ముందు మిద్దె మీద చౌడు మట్టి పోయకపోతే ఆ మూల కారుతుందని చెప్పింది. వీధి పోటు గురించి బజారులో విన్నది నిజమేనని చెప్పింది. దర్జీ తేలిగ్గా నవ్వేశాడు. ఆయన భార్య నవ్వలేదు. "పిల్లలున్నరవ్వా నాకు. నిజంగ ఏమన్న అయితదా?" అని అడిగింది.

అవ్వ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏం గాదని నేనెట్ల చెప్త బిడ్డా? గీ ఇంట్లనే నా పిల్లలు పుట్టిన్రు, పెరిగిన్రు. గీ ఇంట్లనే నా పెనిమిటి పోయిండు. మంచీ వచ్చింది, చెడ్డా వచ్చింది. అది వీధి తెచ్చిందని నేనెన్నడు అనుకోలె. నీకు భయం పుడ్తె మాత్రం తీసుకోకు. నీ మనసు ఒప్పుకున్ననాడే రా."

లోపల తలుపు చాటున నిలబడి నేను మళ్లీ పోయిందనుకున్నాను. ఆషాఢం దగ్గరపడింది. ఈ ముసలమ్మ వచ్చినవాళ్లనల్లా వెళ్లగొడుతోందని ఉడికిపోయాను. వాళ్లు మిషన్ ఎత్తుకొని వెళ్లిపోయారు. మూడో రోజు పొద్దున దర్జీ భార్య ఒక్కతే వచ్చింది. దలాల్ తమ ఇంటికొచ్చాడని, ముసలమ్మ మిమ్మల్ని మోసం చేస్తోంది, ఆ ఇంటికి ఏయే లోపాలున్నాయో నేను చెప్తానని మొదలుపెట్టాడని చెప్పింది. "ఆయన చెప్పినవన్ని నువ్వు ముందే చెప్పినవి. ఒక్కటి గూడ ఎక్కువ లేదు," అంటూ పసుపు కుంకుమ, బయానా డబ్బులు అవ్వ చేతిలో పెట్టింది.

నాయిన వచ్చి కాయితాల పని చూశాడు. అవ్వ వేలిముద్ర వేసి, నల్లబడిన బొటనవేలును నా నుదుట రాసి నవ్వింది. దలాల్ తన కమీషన్ తనకు రావాలని వాకిట్లోకొచ్చి నిలబడ్డాడు. అవ్వ ఆయనకు చల్లని మజ్జిగ ఇచ్చి, ముంగటి తలుపుగుండానే సాగనంపింది. ఆషాఢం రాకముందే గుట్టలో పాలు పొంగించుకున్నాం. ఆ ఇంట్లో మొదటి పొద్దున నేను లేచేసరికి నాయిన పక్కనే గురక పెడుతున్నాడు. ఆ గురకంత కమ్మని చప్పుడు నేను మళ్లీ వినలేదు.

తర్వాత ఏ పెళ్లికో పేరంటానికో ఆత్మకూరు వెళ్లినప్పుడల్లా అవ్వ మొదట దర్జీ ఇంటికే నడిచేది. ఆ అరుగు మీద కూర్చొని చాయ్ తాగి, మిద్దె మీద చౌడు పోశారా లేదా అని ఆరా తీసేది. "అమ్మిన ఇంటి ముంగట నడిచేటందుకు మొకం చెల్లక పక్క సందుల పడి పోవద్దు బిడ్డా," అని ఒకసారి నాతో అంది. అప్పుడు నాకు ఆ రైతూ, ఆయన బర్రే, అన్నీ అర్థమయ్యాయి.

ఇన్నేళ్లకు నా వంతు వచ్చింది. మహబూబ్‌నగర్‌లో మా ఇంటిని ఆనుకొని ఫంక్షన్ హాలు కట్టారు. పెళ్లి ఉన్న రోజు ఇంట్లో మనిషి మాట మనిషికి వినబడదు. ఏజెంటు వచ్చి, మూఢంలో అమ్మకానికి పెడదాం మేడమ్, బాజాలుండవు కాబట్టి ఎవరికీ తెలియదు అన్నాడు. చాయ్ ఇచ్చి పంపించాను. ఆ హాలు పక్కనే ఉండాలని కోరుకునేవాళ్లు ఎవరా అని ఆలోచించి, పెళ్లిమండపాలకు పూలు కట్టే ఒక కుటుంబాన్ని వెతికి పట్టుకున్నాను. బాజాలు హోరెత్తుతున్న రోజునే పిలిచి ఇల్లు చూపించాను. వాళ్లే కొన్నారు.

మొన్న ఆ వీధిలో పనిపడి వెళ్తే, గేటు దగ్గర బంతిపూలు కడుతున్న ఇంటామె నన్ను చూసి, "గట్ల పోతున్నవేందమ్మా, లోపటికి రా" అని పిలిచింది. పక్కన పెళ్లి జరుగుతోంది. ఆమె చెప్పింది నాకు, నేను చెప్పింది ఆమెకు ఒక్క ముక్క వినబడలేదు. చాయ్ తాగి, ఆమె నా తలలో తురిమిన పూలతో ఇంటికొచ్చాను.