బొగ్గు లారీ, నూనె లారీ

అచ్చంపేటలో మా ఇల్లు రోడ్డు పక్కనే. ఏ లారీ వస్తున్నదో కంటికి కనబడకముందే చెవికి తెలిసేది. డబడబమని మట్టిగోడలు అదిరితే అది నూనె లారీ. దగ్గుతూ, ఆగుతూ, మళ్లీ దగ్గుతూ వస్తే బొగ్గు లారీ. నూనె లారీ చప్పుడు వినగానే మా యారాలు లేచి పొయ్యి మీద నీళ్ల కాగు పెట్టేది. బొగ్గు లారీ చప్పుడైతే నేను లేచేదాన్ని. యారాలంటే తోటికోడలు, మా ఆయన అన్న భార్య. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర కాపురం చేశాం. లారీ దిగిన మనిషికి వేడినీళ్లు సిద్ధంగా లేకపోతే మా అత్త నోటికి మూత ఉండేది కాదు.

రెండు లారీలూ పల్లి మిల్లు సేటువే. మా మామ గొర్రెలు కాచిన మనిషి. రోగం తగిలి మంద పోయాక కొడుకులిద్దరూ సేటు దగ్గర కుదిరారు. మొదట పల్లి మూటలు మోశారు, తర్వాత డ్రైవరీ నేర్చుకున్నారు. అప్పుడు జర్మనీ లడాయి నడుస్తున్నది. సర్కారు చీటీ లేకుండా పెట్రోలు దొరకదు. చీటీ ఉన్నా దొరకదు. అందుకని సేటు తన పాత పెట్రోలు లారీకి, డ్రైవరు వీపు వెనకే, ఒక పెద్ద ఇనుప పీపా బిగించాడు. పై నుంచి బొగ్గు పోసి, కింద నిప్పు పెట్టి, చేతి పంకా తిప్పి రాజేస్తే, ఆ బొగ్గు గ్యాసు గొట్టంలోంచి ఇంజనుకు పోయేది. దాంతో లారీ నడిచేది. నడిచేదని మర్యాదకు అంటున్నాను. రెండోది పట్నం నుంచి కొనుక్కొచ్చిన డీజిల్ లారీ. ఆ మాట మా వాళ్లకు నోరు తిరగక నూనె లారీ అన్నారు. పెద్దవాడని అది మా బావ చేతికి వచ్చింది. చిన్నవాడని బొగ్గు లారీ మా ఆయన నెత్తిన పడింది.

అన్నదమ్ములిద్దరూ తిండి దగ్గర కూర్చుంటే ఇక ఇదే పంచాయితీ.

"తమ్మీ, నీది గాడిద, నాది గుర్రం" అనేవాడు బావ.

"గుర్రమే అన్నా, కాదంటలేను. గడ్డి దొరకని గుర్రం. పట్నం నుంచి నూనె రాకుంటే వారం రోజులు మిల్లు ముంగట పండుకుంటది. నా గాడిదకు గా ఫికర్ లేదు. అడివి ఉన్నన్ని రోజులు దానికి మేత ఉంటది."

"మేత ఉంటే సరిపాయెనా? ఎక్కుడు ఎక్కాలె గద!"

మా ఆయన మాట మార్చి సామాన్ల సంగతి ఎత్తేవాడు. చెడిపోతే నూనె లారీకి సామాను పట్నం నుంచి రావాలి, బొగ్గు లారీకి మా ఊరి కమ్మరి చాలు. ఆ మాట నిజమే. కానీ మన్ననూరు కొండ ఎక్కుడు దగ్గర ఆ నిజం పనికొచ్చేది కాదు. అడవి నుంచి వెదురు ఎత్తుకొని వచ్చేటప్పుడు బొగ్గు లారీ సగం ఎక్కుడులో నిలబడి, ఆయాసపడి, వెనక్కి జారేది. హమాలీలు చక్రాల కింద రాళ్లు వేసి కూర్చునేవారు. బావ వచ్చి, గొలుసు వేసి, నూనె లారీతో లాక్కొని పైకి తెచ్చేవాడు. ఆ రోజు ఇంటికి రాగానే, "ఇయ్యాల్ల గాడిదను గుర్రం తోకకు కట్టి తెచ్చిన" అని మా అత్తతో చెప్పి నవ్వేవాడు. మా ఆయన కూడా నవ్వేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని పళ్లు కొరుక్కునేదాన్ని.

ఎందుకంటే ఆ బొగ్గు తయారుచేసేది నేను. చెంచులు, లంబాడీలు అడవి నుంచి తెచ్చిన బొగ్గును రేగుపండంత ముక్కలుగా కొట్టి, దుమ్ము జల్లించి, ఎండబెట్టి సంచుల్లో నింపేదాన్ని. తడి బొగ్గు పడితే గొట్టంలో జిగురు పట్టి ఇంజను ఆగిపోతుంది. దుమ్ము పడితే ఊపిరాడక ఆగిపోతుంది. మొగుడికి ముద్ద కలిపినంత శ్రద్ధగా ఆ పీపాకు తిండి సిద్ధం చేసేదాన్ని. అది తిరిగి నా మొగుణ్నే తింటుందని నాకేం తెలుసు?

మొదట తలనొప్పి అన్నాడు. ఎండ దెబ్బ అనుకున్నాం. తర్వాత లారీ దిగి వాంతి చేసుకునేవాడు. కల్లు తాగాడని మా అత్త తిట్టింది. తాగలేదని నాకు తెలుసు, నోటి దగ్గర వాసన చూసేదాన్ని కదా. కొన్నాళ్లకు మాట మధ్యలో ఆగి, ఏం చెబుతున్నాడో మరిచిపోయి, నా మొహం వంక చూసేవాడు. ఒకరోజు ఇంటి ముందు లారీ ఆపి, కాలు కింద పెట్టి, అట్లాగే కూలిపోయాడు. పాలమూరు దవాఖానకు తీసుకుపోతే అక్కడి డాక్టరు అడిగింది ఒకటే, ఏం పని చేస్తావని. చెప్పగానే తల ఊపాడు. పీపా నుంచి కారే గాలి విషమని, దానికి రంగూ వాసనా ఉండవని, బండి ఆగి ఉన్నప్పుడు నిప్పు లోపల మగ్గుతుంటే మరీ ఎక్కువ కారుతుందని చెప్పాడు. ఆ పని మానుకో, లేకపోతే మనిషివి దక్కవన్నాడు.

మానుకుంటే తినేదేమిటి? సేటును అడిగితే, "ఎవరు ఏ బండి నడిపితే నాకేంది, పల్లి టైంకు రావాలె. మీ అన్నదమ్ములు మీరు తేల్చుకోండ్రి" అన్నాడు. మా ఆయన అన్నను అడగడు. అన్నకు ఎదురు మాట్లాడని మనిషి. అప్పటి నుంచి రెండు పక్కలా తలుపు తీసిపెట్టి, వానలో తడుస్తూ, చలిలో వణుకుతూ నడిపేవాడు. బండి ఎక్కడ ఆగినా దిగి దూరంగా పోయి కూర్చునేవాడు. అయినా తలనొప్పి పోలేదు. ముండమోసి ఇంట్లో కూర్చునే రోజు ఎప్పుడొస్తుందా అని బొగ్గు కొడుతూ నేను భయపడని రోజు లేదు.

బావ ఎదుట నిలబడి మాట్లాడే ఆచారం మా ఇండ్లల్లో లేదు. ఆయన అరుగు మీద ఉంటే నేను దొడ్డి దారిన పోవాలి. కానీ దసరా నాడు జమ్మి పెట్టేటప్పుడు మాత్రం ఎదుటికి పోవచ్చు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కితే పెద్దవాళ్లు దీవిస్తారు. ఆ ఆకు చేతిలో ఉండగా చిన్నవాళ్లు ఏదైనా అడిగితే కాదనరాదని మా మామ చెప్పేవాడు. గొర్రెపిల్లనో, కొత్త గొంగడినో అడిగేవాళ్లు పిల్లలు.

నేను జమ్మి పెట్టి, కాళ్లు మొక్కి, లేవలేదు.

"బావా, నూనె లారీ నీ తమ్మునికి ఇయ్యి. బొగ్గు గాలికి ఆయన దక్కడు."

మా అత్త నెత్తి కొట్టుకున్నది. మా ఆయన తల వంచుకున్నాడు. బావ చేతిలోని ఆకును చూసుకున్నాడు.

"గిది అడుగుడేంది బిడ్డా" అన్నాడు. తర్వాత కొంచెం నవ్వి, "సరే తియ్. గాడిదను గూడ నేనే సక్కగ నడుపుత" అన్నాడు.

యారాలు పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఆమె మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ సాయంత్రం ఆమే నా దగ్గరకు వచ్చి, "మంచిదే చెల్లె. నీ మనిషి బతకాలె. మా ఆయనది ఏనుగు పానం, ఆయనకేం గాదు" అన్నది. ఆమె అంత మంచిగా మాట్లాడకుండా నన్ను తిట్టినా బాగుండేదనిపించింది.

మా ఆయన అన్నకు అన్నీ చెప్పాడు. పంకా ఎట్లా తిప్పాలో, బొగ్గు ఎప్పుడు పోయాలో చెప్పాడు. చివరికి, "అన్నా, ఆగినప్పుడు బండ్ల పండుకోకు. ఎంత వానైనా సరే, తలుపులు తెరిచే ఉంచు" అన్నాడు. బావకు నవ్వొచ్చింది. నూనె లారీలో ఆయనకు అలవాటు వేరు. వాన పడితే రెండు పక్కలా గొంగళ్లు కట్టి, వెచ్చగా కునుకు తీసేవాడు. గొర్రెల కాపరి కొడుక్కి గొంగడే ఇల్లు, గొంగడే గొడుగు.

"గొంగడి కప్పుకొని సచ్చినోన్ని నువ్వెన్నడన్న చూసినవారా?" అన్నాడు.

దీపావళి దాటాక తుఫాను ముసురు పట్టింది. ఇద్దరూ పాలమూరులో పల్లి దింపి వస్తున్నారు. బావ ముందు బయలుదేరాడు, మా ఆయన వెనక. ఇంటికి రావాల్సిన రోజు ఇద్దరూ రాలేదు. దుందుభి వాగు నిండి పారుతున్నదని, బండ్లన్నీ అవతలే ఆగాయని ఎవరో చెప్పారు. మరునాడు వాన వెలిసింది. పొద్దు వాలుతుండగా గోడలు అదిరాయి. డబడబమని నూనె లారీ చప్పుడు. నా గుండె నిమ్మళించింది. నేను లేచేసరికే యారాలు కాగు నింపి పొయ్యి మీద పెట్టేసింది.

"అక్కా, గది మా ఆయన బండి" అన్నాను నవ్వుతూ.

ఆమెకూ నవ్వొచ్చింది. "అలవాటు సావదు చెల్లె. పెట్టిన గద, మరిదే పోసుకుంటడు తియ్. మా ఆయన వచ్చినంక మళ్ల పెడత."

ఇద్దరం నవ్వుకుంటూనే వాకిట్లోకి వచ్చాం. నూనె లారీ వెనక గొలుసు ఉన్నది. గొలుసు వెనక బొగ్గు లారీ. అందులో స్టీరింగు పట్టుకొని కూర్చున్నది ఒక హమాలీ. గాడిదకు గుర్రం అవసరమైందని, బావ చిన్నబోయి వెనక ఖాళీ సంచుల మీద కూర్చున్నాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. మా ఆయన దిగాడు. వదిన మొహం చూసి నేల మీద కూర్చుండిపోయాడు.

తర్వాత తెలిసింది ఇది. వాగు దగ్గర బావ బండి ఆపాడు. నిప్పు ఆర్పితే మళ్లీ రాజేయడానికి చాలాసేపు పంకా తిప్పాలి, ఆ వానలో బొగ్గు తడిస్తే అసలే అంటుకోదు. అందుకని నిప్పు మగ్గనిచ్చాడు. ముసురు కొడుతుంటే రెండు పక్కలా గొంగళ్లు కట్టి పడుకున్నాడు. హమాలీలు దగ్గరి ఊళ్లోకి పోయి తలదాచుకున్నారు. వచ్చి చూసి, నిద్రపోతున్నాడని లేపలేదు. మా ఆయన వెనక నుంచి వచ్చి గొంగడి విప్పేసరికి మనిషి చల్లబడి ఉన్నాడు. మొహం మాత్రం ఎర్రగా, మంచి నిద్రలో ఉన్నట్టే ఉన్నదట. పీపాలో నిప్పు చచ్చిపోయి ఉన్నది. వాగు తగ్గాక, అన్నను తన బండిలో పడుకోబెట్టుకొని, అన్న బండికి గొలుసు వేసి, మా ఆయన ఇంటిదాకా లాక్కొచ్చాడు. దారిలో నూనె లారీ ఒక్కచోట కూడా ఆగలేదు. ఏ ఎక్కుడులోనూ మూలగలేదు. ఏ బండి బాగా లాగుతుందన్న పంచాయితీ ఆ రోజుతో తీరిపోయింది. మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

జమ్మి పెట్టి బావను చంపిందని ఊళ్లో నా గురించి అనుకున్నారు. అనుకోనీ. నా మొగుడు చస్తుంటే నోరు మూసుకొని బొగ్గు కొడుతూ కూర్చోవాలా? మళ్లీ ఆ దసరా వస్తే మళ్లీ అడుగుతాను. కానీ బావ నన్ను బిడ్డా అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలి లేస్తాను. మా ఆయన ఇంకా చాలా ఏళ్లు బతికాడు, పిల్లల్ని పెంచాడు, ముసలివాడయ్యాడు. అన్న పేరు మాత్రం నా ముందు ఎన్నడూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం బావను వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. ఒంటికి అంటుకున్న గొంగడి ఊలు తీస్తున్నారు. మా అత్త నేల మీద పొర్లుతున్నది. పొద్దుగూకకముందే మట్టి చేయాలని కులపెద్దలు తొందర పెడుతున్నారు. స్నానానికి నీళ్లు కాచండని ఎవరో కేక వేశారు.

యారాలు అప్పటిదాకా ఏడవలేదు. లోపలికి పోయి, కొంగుతో పట్టుకొని పొయ్యి మీది కాగు దించింది. నేను పట్టుకోబోతే చేయి తోసేసింది.

"కాగినయి" అన్నది. "ఆయన బండి సప్పుడు ఇనంగనే పెట్టిన."