సార్ చాయ్ మానేసిన రెండు వారాలు

మా కోచ్ సార్ పోయారని ఆయన భార్య ఫోన్ చేసినప్పుడు నేను ఆటలు నేర్పే ఆత్మకూర్ బడి మైదానంలో పిల్లలను వరుసలో నిలబెడుతున్నాను. "మీ సార్ ఇగ లేడు బిడ్డా" అంది, ఫోన్ ఇంకెవరికో ఇచ్చేసింది. పిల్లలు నా విజిల్ కోసం చూస్తున్నారు. కూర్చోమని వాళ్లకు చేత్తో సైగ చేశాను.

గొర్రెల వెంట తిరిగే నన్ను మహబూబ్‌నగర్ మైదానానికి తెచ్చింది ఆయనే. "నీకు ఉరుకుడు నేను నేర్పలె, గొర్లు నేర్పినయ్. నువ్వు ఆగకుండ చూస్త, గంతే" అనేవారు. ఆయనకు చేతిలో చాయ్ గ్లాసు లేని పూట ఉండేది కాదు.

డిగ్రీ మొదటి ఏడు జిల్లా పోటీల్లో, పదిహేను వందల మీటర్ల పరుగుకు గంట ముందు, సార్ ఫ్లాస్కు మూతలో పాలు లేని కాఫీ పోసి ఇచ్చారు. అంతవరకు నేను కాఫీ రుచి ఎరగను. చేదుకు మొహం చిట్లించాను. కానీ ఆఖరి రౌండులో కాళ్లు బరువెక్కలేదు. మొదటి స్థానం వచ్చింది.

ఆ గెలుపు కాఫీదేననుకున్నాను. హాస్టల్లో పొద్దున లేవగానే, ప్రాక్టీసుకు ముందు, చదువుకునేటప్పుడు తాగడం అలవాటైంది. సార్‌కు చెప్పలేదు. మరుసటి ఏడు రాష్ట్ర జట్టు ఎంపిక రోజున అదే కాఫీ మంచినీళ్లలా దిగిపోయింది. ఒంట్లో ఏ హుషారూ లేదు. భయమేసి ఇంకో రెండు కప్పులు తాగాను. గుండె దడదడలాడింది. ముగ్గురిని తీసుకుంటారు. ఒక్క అడుగు వెనకబడి నేను నాలుగోదాన్నయ్యాను.

గోడ పక్కన వాంతి చేసుకుంటూ అంతా చెప్పేశాను. సార్ తిట్టలేదు. వీపు రాస్తూ నిలబడ్డారు.

"తప్పు నాదే బిడ్డా. కొత్తల గనక నీ ఒంటికి గట్టిగ పట్టింది. రోజూ తాగితే ఒళ్లు అలవాటు పడ్తదని నేను ముందే చెప్పాలె గద."

"మానేస్తే మల్ల గట్లనే పనిచేస్తదా సార్?"

"చేస్తదని కొందరంటరు. అలవాటున్నా పనిచేస్తదని ఇంకొందరంటరు. నీ ఒంటికెట్లనో నాకు తెల్వది."

తెలియనిదాన్ని తెలియదని చెప్పిన పెద్దమనిషిని మొదటిసారి చూశాను. ఇప్పుడు పిల్లలు నాకు తెలియనిది అడిగితే ఆ మాట అనడానికి నాకు సిగ్గు లేదు. అది ఆయన పెట్టిన భిక్షే.

ఆ పై ఏడు ఎంపికకు రెండు వారాల ముందు కాఫీ పూర్తిగా ఆపాను. తల పగిలిపోయేది, పరుగులో నిద్ర ముంచుకొచ్చేది. "నువ్వొక్కదానివే ఎందుకు పడాలె" అని సార్ కూడా చాయ్ మానేశారు. రెండో రోజుకే తలకు తువ్వాలు బిగించి మైదానం మెట్ల మీద కూర్చున్నారు. ఆయన భార్య వచ్చి, "గింత పట్టింపేంది నీకు?" అని కోప్పడినా వినలేదు.

పోటీ రోజు కాఫీ కొంచెం పట్టినట్టే అనిపించింది. అంత బాగా నేను ఎన్నడూ పరుగెత్తలేదు. అయినా నాలుగో స్థానమే. ముందున్న ముగ్గురూ నాకన్నా మంచి రన్నర్లు. "నిన్ను అనేటందుకు లేదు, కాఫీని అనేటందుకు లేదు" అన్నారు సార్. ఆయన మరో ఉపాయం చెబుతారని ఎదురుచూశాను. చెప్పలేదు.

పోయిన వారమే ఆయనను దవాఖానలో చూశాను. గొంతు క్యాన్సర్. ముక్కులో గొట్టం, మాట లేదు. నన్ను చూసి బొటనవేలు పెదవులకు ఆనించారు. చాయ్ అడుగుతున్నారు.

"జర ఒక్క గుటక పొయ్యొచ్చా అక్కా?" అని నర్సును అడిగాను.

"వద్దమ్మా, ఊపిరికి అడ్డం పడ్తది."

సార్‌కు వినబడింది. పర్వాలేదన్నట్టు నాకే తల ఊపారు.

ఏం చేయాలో తోచక కాళ్ల దగ్గర కూర్చున్నాను. దుప్పటి కింద పాదాలు చల్లగా తగిలాయి. రెండు చేతులతో రుద్దాను. ఇక వెళ్లమని నర్సు చెప్పేదాకా రుద్దుతూనే ఉన్నాను. నా అరచేతులు కాలిపోతున్నాయి గానీ, ఆ పాదాలు వెచ్చబడలేదు.