తొలి పెట్టె నింపని విజయదశమి

తమిళనాట కోవిల్‌పట్టిలోని అగ్గిపెట్టెల కార్ఖానాకు నేనూ మా అత్తా విళాత్తికుళం బస్సులో వెళ్ళి వస్తుంటాం. ఊళ్ళో మిరప వేసే నల్లరేగడి ఉంది గానీ అది వాన దయ. ఇంట్లో ఎసరు పెట్టించేది మేము పుల్లలు నింపి తెచ్చే కూలే. అందుకే ఆ మధ్య మా పని దినాలు సగానికి పడిపోతే నాకు ఒళ్ళు మండింది.

విరుదునగర్ మేస్త్రీ ఒకడు బెంగాలీ మాట్లాడే మనుషుల్ని వ్యానులో తెచ్చి దించాడు. సరిహద్దుకు ఇవతలివాళ్ళో, దొంగచాటుగా దాటొచ్చినవాళ్ళో ఎవరికీ తెలియదు. అడిగితే మేస్త్రీ నవ్వేవాడు. వాళ్ళకు సగం కూలి చాలట. ఇంకేం, మా మొదలాళి, అంటే యజమాని, వాళ్ళను వారమంతా కూర్చోబెట్టి మమ్మల్ని అవసరమైనప్పుడే పిలవసాగాడు. మొదట్లో మా తిట్లన్నీ వాళ్ళకే తగిలాయి.

ఒకరోజు అన్నాల వేళ వాళ్ళలో ఒకామె వచ్చీరాని తమిళంలో సంగతి చెప్పింది. కూలి చాలదని నోరెత్తితే పోలీసులకు పట్టిస్తానని మేస్త్రీ బెదిరిస్తాడట. ఆమె నోరెత్తలేదు కాబట్టే ఆమె కూలి సగం, ఆమె కూలి సగం కాబట్టే నా పని సగం. ఇంత చిన్న సంగతి అంతవరకు నా బుర్రకెక్కలేదు.

"మనమే పోలీసుకు చెప్తే?" అన్నాను బస్సులో.

"వీళ్ళు పోతారు. ఆడు ఇంకో వ్యాను దించుతాడు," అంది అత్త. "సంబళం అందరికీ ఒకటే కావాలమే. అప్పుడే ఆడి ఆట కట్టేది."

వాళ్ళ కూలి కూడా మాకిచ్చినంతే చేయమని అడిగాం. మొదలాళి వినలేదు. ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మిషన్లకు గంధం, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, అందరికీ పొరి, అంటే మరమరాలు, పంచారు. మరునాడు విజయదశమి. ఆ రోజు ప్రతి మనిషీ వచ్చి మంచి గడియలో ఒక్క పెట్టైనా నింపి పోవాలి. లేకపోతే ఏడాదంతా పని సాగదని మా వైపు నమ్మకం. మొదలాళికైతే అది గుండె దడ.

మేమంతా తలంటుకుని, పూలు పెట్టుకుని వచ్చి బల్లల ముందు కూర్చున్నాం. పుల్ల ముట్టలేదు. మమ్మల్ని చూసి బెంగాలీ ఆడవాళ్ళూ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

మొదలాళి కూడా మా తెలుగువాడే. "ఏమ్మా, మంచి గడియ పోతా ఉంది. నింపండమ్మా!" అన్నాడు.

"నింపుతాం మొదలాళీ. వాళ్ళకూ మాకూ ఒకటే సంబళమని సామి ముందర చెప్పండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"మంచి దినంలో అడిగేదా ఇది?"

"మంచిది అడిగేదానికి చెడ్డ దినం చూసుకోవాలా?" అంది అత్త.

అతను గడియారం చూశాడు, మమ్మల్ని చూశాడు. పూజ గదిలోంచి వాళ్ళమ్మ కేక వేసింది: "రాహుకాలం వస్తా ఉందిరా! చెప్పేయ్‌రా!"

చెప్పాడు. కర్పూరం మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు. ఒక్కసారిగా అన్ని బల్లల మీదా చేతులు ఆడాయి. అంత సంతోషం నాకు నా పెళ్ళినాడు కూడా లేదు.

సగం కూలి మనుషులు లేనప్పుడు మేస్త్రీతో పనేముంది? వ్యాను రావడం మానేసింది. కొందరు వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు, కొందరు ఉండిపోయారు. వాళ్ళ కాగితాల సంగతి సర్కారు చూసుకుంటుంది. మా కూలి సంగతి మేం చూసుకున్నాం.

దశమి తర్వాతి సోమవారం తెల్లవారగానే నేను అన్నం క్యారియర్ కడుతుంటే, మా ఆయన పడుకునే అడిగాడు: "ఈ పొద్దు పని ఉందా?"

"ఇంక ఆ మాట అడగొద్దు," అని బస్సుకు బయల్దేరాను.