మంచు పోస్టులో వదిలిన రెండు పళ్ళు

హెలికాప్టర్ మమ్మల్ని దించి, రెక్కలు ఆపకుండానే తిరిగి వెళ్ళిపోయింది. ఉదయం ఏడున్నర. మంచు మోకాలి దాకా ఉంది. అక్కడి నుంచి సరిహద్దు మీది మా సైనిక పోస్టుకు తాళ్ళు పట్టుకుని నడక. నా వీపున రేడియో సెట్టు, చొక్కా లోపల దాని బ్యాటరీలు. ఒంటి వేడికి ఆనించి మోయకపోతే అవి చలికి చచ్చిపోతాయి. మధ్యాహ్నానికి చేరాం. పోస్టు అంటే ఏ కోటో ఊహించుకోవద్దు. మంచులో తవ్విన గుంత, పైన పారాచూట్ గుడ్డ, లోపల కిరోసిన్ పొయ్యి. ఎనిమిది మందిమి. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

మాది గార్లదిన్నె దగ్గర పల్లె. వాన కోసం ఆకాశం చూసి చూసి మెడలు పట్టేసిన ఊరి నుంచి వెళ్ళి, పైనుంచి నీళ్ళు గడ్డకట్టి రాలడం ఆగని చోట కూర్చున్నాను. దేవుడికి పంపకాలు చేతకావని నాకు అక్కడే అర్థమైంది.

నా పని రేడియో. గంట గంటకూ కింది బేస్‌కు రిపోర్టు. ఈ పనికి ఒక నియమం ఉంది. మెసేజ్ ఎవరిదైతే వాళ్ళ మాటే పోవాలి. ఆపరేటర్ తన సొంత మాట ఒక్కటి కూడా కలపకూడదు. కింది నుంచి వచ్చిన ఆర్డరును పొల్లుపోకుండా తిరిగి చదివి వినిపించాలి. అప్పుడే అది ఖరారు. నాతో వచ్చిన రెండో ఆపరేటర్‌కు ఊపిరితిత్తుల్లో నీరు చేరితే వెనక్కి పంపేశారు. సెట్టు దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను.

నొప్పి ఎడమవైపు పై దవడలో మొదలైంది, వెనక పళ్ళలో. బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగితే ఆ పక్క చెంపకు రాయి కట్టి వేలాడదీసినట్టు ఉండేది. ఏ పన్ను అంటే చెప్పలేను, అన్నీ నొచ్చేవి. ముక్కు కూడా మూసుకుపోయింది. కానీ అక్కడ ముక్కు తెరుచుకున్న మనిషి ఎవరున్నారు? కిరోసిన్ పొగకు అందరం నల్లగానే ఉమ్మేవాళ్ళం. ముక్కు సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పోస్టు కమాండర్ ఒక సుబేదార్. చెడ్డవాడు కాదు. పంటి నొప్పికి హెలికాప్టర్ అడిగితే కింద నవ్వుతారని చెప్పి, నా మొహంలోకి కాసేపు చూశాడు. కిందికి పోవడానికి ఎత్తు వేస్తున్నానేమోనని ఆ చూపు. ఫౌజులో సాకుల మనిషి అన్న పేరు ఒకసారి పడితే, మనకంటే ముందే తర్వాతి పోస్టింగుకు చేరుకుంటుంది. నాకు నొప్పి కంటే ఆ భయమే పెద్దది.

మందులు చూసుకునే నర్సింగ్ అసిస్టెంట్‌ను అందరం నర్సింగ్ భాయ్ అనేవాళ్ళం. ఉత్తరాన ఏదో కొండ ఊరివాడు. నిమ్మళమైన మనిషి. నా నోట్లో టార్చి వేసి చూశాడు. మొహం వాడిపోయింది.

"అన్నీ గోధుమరంగే భాయ్. లోపల మొత్తం పుచ్చిపోయాయి. తంబాకు నములుతావా?" అన్నాడు హిందీలో.

నేను జన్మలో పొగాకు ముట్టలేదు. మా ఊరి బోరు నీళ్ళ వల్ల వచ్చిన రంగు అదని, మా నాయనకూ మా అక్కకూ వీధిలో అందరికీ అవే పళ్ళని చెప్పాను. భయపడినవాణ్ణి సముదాయించినట్టు నా భుజం తట్టాడు. అతను కొండ ఊట నీళ్ళు తాగి పెరిగినవాడు. అతనికి తెలిసినంత వరకు పన్ను తెల్లగా లేదంటే పుచ్చినట్టే.

ఆ వారమంతా గాలి. హెలికాప్టర్ ఎగిరే మాటే లేదు. నర్సింగ్ భాయ్ నా పక్కన కూర్చుని కింది డాక్టరుకు మెసేజ్ చెప్పాడు. నేను పంపాను. రోగికి పై ఎడమ వెనక పళ్ళలో తీవ్రమైన నొప్పి అని నా గురించి నేనే చెప్పాను. రంగు మారింది ఒక పంటికా, అన్నిటికా అని డాక్టర్ అడిగాడు. అన్నిటికీ అన్నాడు నర్సింగ్ భాయ్. అన్నిటికీ అన్నాను నేను. మా ఊరి నీళ్ళు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది మెసేజ్‌లో లేదు. నేను కలపలేదు.

జవాబు వచ్చింది. తిరిగి చదివాను.

"మూడు రోజులు మాత్రలు. రోగికి తగ్గకపోతే ఎక్కువ నొప్పి ఉన్న పన్ను తీసేయాలి. ఓవర్."

"కరెక్ట్. అవుట్," అంది కింది బేస్.

తన పంటికి పడిన శిక్షను తప్పు లేకుండా తానే చదివి ఖరారు చేసినవాడు ఫౌజులో ఇంకొకడు ఉండడు. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు.

మాత్రలకు నొప్పి తగ్గలేదు. నర్సింగ్ భాయ్ దగ్గర ఒక్కటే పటకారు ఉంది. మత్తుమందు గడ్డకడితే చంకలో పెట్టుకుని కరిగించాడు. సుబేదార్ నా తల పట్టుకున్నాడు. పన్ను రావడానికి చాలాసేపు పట్టింది. పుచ్చిన పన్ను అంత మొండిగా ఉండదని ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. పది రోజులకు నొప్పి మళ్ళీ లేచింది. మళ్ళీ మెసేజ్, మళ్ళీ ఆర్డర్. పక్క పన్ను కూడా పోయింది.

మూడోసారి నొప్పి వచ్చినప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంకో పన్ను పోతుంది, లేకపోతే సాకు అంటారు. రెండిట్లో ఏదీ నాకు వద్దు. నర్సింగ్ భాయ్ మాత్రం రోజూ సాయంత్రం రొట్టెను పప్పులో నానబెట్టి ముందు నాకే పెట్టేవాడు. అందరూ పడుకున్నాక సెట్టు ముందు కూర్చుని, స్విచ్ నొక్కకుండా మౌత్‌పీస్‌లో తెలుగు మాట్లాడేవాణ్ణి. ఏమప్పా, వాన పడిందా ఆడ అని. ఎవరూ వినరని తెలుసు. ఒక మనిషి ఎంత ఒంటరిగా ఉండగలడో నాకు ఆ గుంతలోనే తెలిసింది.

ఆ పోస్టులో మా టూరు గడువు ముగిసింది. తర్వాత వేరే పోస్టింగులు, ఆపైన పెన్షన్, ఊరు. నొప్పి మాత్రం నాతోనే రిటైరై వచ్చింది. చలికాలం ఒకసారి, దుమ్ముగాలి లేచినప్పుడు ఒకసారి. లవంగం నూనెతో నెట్టుకొచ్చాను. ఈ ఏడు మరీ ముదిరింది. ఆ పక్క మిగిలిన పళ్ళన్నీ పీకించేసుకుందామని తీర్మానించుకుని అనంతపురం బస్సెక్కాను.

పళ్ళ డాక్టరమ్మది కొత్తచెరువు. చిన్న వయసు. నోరు తెరవగానే గార్లదిన్నె దిక్కా మీది అని అడిగింది. ఎట్లా తెలిసిందన్నాను.

"ఈ పళ్ళు చూస్తే తెలీదా అన్నా? మా నాయనవీ ఇట్లే ఉండాయి. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ మరక ఇది. పుచ్చు కాదు."

పీకెయ్యమ్మా అన్నాను. ఎక్స్‌రే ఫోటో చూడకుండా ఏదీ పీకనంది. వేరే గదిలో నిలబెట్టింది. గడ్డం ఆనించి, పుల్ల కరిచి, కదలకుండా ఉండాలి. తను బయటికి వెళ్ళి తలుపు వేసింది. మిషన్ చెయ్యి గుయ్‌మంటూ నా తల చుట్టూ తిరిగింది. ఎంతోమంది నా నోట్లోకి చూశారు కానీ, పళ్ళ పైన ఏముందో చూడబోయింది అదే మొదలు.

తెర మీద నా పుర్రె కనిపించింది. ఆమె పెన్నుతో చూపించింది.

"ఈడ చూడన్నా. పై పళ్ళ వేర్లకు పైన, చెంప ఎముకలో ఒక బోలు గది ఉంటాది. సైనస్ అంటాం. గాలి ఉంటే నల్లగా కనపడాల. కుడిపక్క నల్లగా ఉండాది. ఎడమపక్క చూడు, సగానికి పైన తెల్లగా నిండిపోయింది. వేర్లకూ ఈ గదికీ మధ్య ఎముక కాగితమంత. ఆ గది నిండితే పళ్ళే నొచ్చినట్టు ఉంటాది. నీ నొప్పి నిజమే. పళ్ళ తప్పు కాదు."

నొప్పి నిజమేనా అని మళ్ళీ అడిగాను. నిజమే అంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ సుబేదార్ చూపుకు ఇన్నేళ్ళకు జవాబు దొరికింది. వినడానికి ఆయన లేడు.

ఆ రెండూ ఎవరు పీకినారని అడిగింది. స్నేహితుడు అన్నాను. అవి మంచి పళ్ళేనా అని అడిగాను.

"లేని పళ్ళ గురించి ఫోటో ఏం చెప్తాదన్నా? పక్కవి మాత్రం గట్టిగా ఉండాయి."

ముక్కు డాక్టరుకు చీటీ రాసిచ్చింది. ఒక్క పన్ను కూడా ముట్టలేదు.

బస్టాండులో కూర్చుని నర్సింగ్ భాయ్‌కి ఫోన్ చేశాను. చెప్పేయాలనే చేశాను. ఈ సంగతి అర్థమయ్యే మనిషి నాకు భూమ్మీద అతనొక్కడే. వాళ్ళ కొండ ఊళ్ళో మందుల షాపు పెట్టుకున్నాడు. నా గొంతు వినగానే పొంగిపోయాడు. నన్ను నోరు తెరవనివ్వలేదు. షాపుకు వచ్చేవాళ్ళందరికీ నా కథే చెప్తుంటాడట. మంచు తుఫానులో రెండు పళ్ళు పీకి ఒక జవానును నిలబెట్టానని. తన జీవితంలో చేసిన ఆపరేషన్ అదొక్కటేనట.

"ఆ రోజుతో నొప్పి పోయింది కదా భాయ్?" అన్నాడు.

"పోయింది భాయ్. ఆ రోజుతోనే పోయింది."

అతను హాయిగా నవ్వాడు. గార్లదిన్నె బస్సు వచ్చింది, ఎక్కాను.

మందులు వాడాక ఇప్పుడు నొప్పి లేదు. కానీ కళ్ళు మూసుకుంటే మంచు కనిపించదు, తాళ్ళు కనిపించవు. తెర మీది ఆ బొమ్మే కనిపిస్తుంది. కుడిపక్క గది అడుగు చదునుగా, తన చోట తానుంది. ఎడమపక్క గది అడుగు మాత్రం రెండు పళ్ళు పోయిన ఖాళీలోకి మెల్లగా జారి దిగి ఉంది. పళ్ళు పోతే గది అట్లా దిగుతుందని డాక్టరమ్మ చెప్పింది, కింద పట్టుకునేవాళ్ళు ఎవరూ ఉండరు కాబట్టి.