ముసలాయన మూడో చెయ్యి

మోకాలి ఆపరేషన్ తర్వాత మూడు నెలలు మెట్లు దిగొద్దన్నాడు డాక్టరు. కర్నూలులో మా ఇల్లు రెండో అంతస్తు. రిటైరైన కాడి నుంచి పొద్దున్నే కిందికి దిగి టీ బంకు దాకా పోయి రావడం నాకు అలవాటు. అది ఆగిపోయేసరికి పొద్దు గడవడం కష్టమైంది. అప్పుడే పేపర్లో ఒక చిన్న వార్త చూశాను. ఒక పెద్ద మ్యూజియం వాళ్లు ప్రతి శనివారం పదకొండు గంటలకు ఒకే ఒక్క బొమ్మ గురించి ఆన్‌లైన్‌లో గంటసేపు చెప్తారట. ఇంట్లో కూర్చునే చూడొచ్చు, ఫీజు లేదు. పేరు, ఈమెయిలు ఇస్తే లింకు పంపుతారు.

నేను డ్రాయింగు మాస్టరుని. కోసిగి చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏండ్లు పిల్లలకు బొమ్మలు నేర్పించాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది గానీ, ఒక్క మ్యూజియం గడప తొక్కలేదు. పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మలన్నీ పుస్తకాల్లో అగ్గిపెట్టెంత సైజులో చూసినవే.

కష్టమల్లా ఇంగ్లీషుతోనే. నా భార్య ఇంగ్లీషు టీచరుగా చేసింది, కానీ ఆమెకు బొమ్మల మీద ఆసక్తి లేదు. "కూరగాయలు తరుక్కుంటా వింటాను, అర్థం కానిది చెప్తాను" అంది. అట్లా మొదటి శనివారం ల్యాప్‌టాప్ ముందర ఇద్దరమూ కూర్చున్నాం. మధ్యలో వీధిలోకి చిక్కుడుకాయల బండి వచ్చింది. ఆమె బాల్కనీలోంచి బేరం మొదలుపెట్టింది. బొమ్మ గురించి చెప్తున్నావిడ మాట ఆపి, ఎవరిదో మైకు ఆన్‌లో ఉంది, కాస్త ఆపండి అని మర్యాదగా అడిగింది. అది మాదేనని మాకు తెలిసేసరికి బేరం కూడా కుదిరిపోయింది.

తర్వాతి వారం దక్కన్ సుల్తానుల కాలం నాటి బొమ్మ చూపించారు. అసలు బొమ్మ అరచెయ్యంతే ఉంటుందట. తెల్లబట్టల ముసలాయన ఒకడు తోటలో తివాచీ మీద కూర్చొని, చేతిలో పువ్వు పట్టుకొని ఉన్నాడు. ఐదు నిమిషాలు ఊరికే చూడండి, మీకు ఏం కనబడిందో రాయండి అంది చెప్పేవిడ.

నేను ఆయన గడ్డమే చూస్తూ ఉండిపోయాను. ఒక్కో వెంట్రుకకూ ఒక్కో గీత. నా భార్య తరిగేది ఆపి ముందుకు వంగింది.

"ఈయనకు మూడు చేతులుండాయి" అంది.

"యాడ?"

"ఈడ. పువ్వు పట్టుకున్న చెయ్యి కింద ఇంకోటి ఉండాది, నీడ మాదిరి."

నాకు కనబడలేదు. అద్దాలు తుడుచుకో అన్నాను. ఆమె నా మాట పట్టించుకోకుండా, తను చూసింది టైపు చేసి పంపింది. చెప్పేవిడ అది చదివి సంతోషపడి, ఆ చోటును పెద్దది చేసి చూపించింది. నిజమే. మోకాలి మీద వాల్చిన చెయ్యి ఒకటి, లేత ఎరుపు గీతతో, ఐదు వేళ్లతో సహా. చిత్రకారుడు మొదట చెయ్యి అక్కడ గీశాడట. నచ్చక తెల్లరంగు పూసి, కొంచెం పైకెత్తి మళ్లీ వేశాడు. ఇన్ని వందల ఏండ్లకు తెలుపు పలచబడి పాత గీత బయటపడింది. దీన్ని తప్పు అనుకోవద్దు, ఆయన ఆలోచించిన తీరు మనకు కనబడుతోంది అందట ఆవిడ. నా భార్యే తెలుగులో చెప్పింది.

భోజనం దగ్గర నేను రెండు ముద్దలకే చెయ్యి కడుక్కోబోతే, "కాలు నొప్పిగా ఉండాదా?" అని అడిగింది. అప్పుడు చెప్పాను.

కోసిగిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. ఏటా అమ్మానాయనలతో పాటు గుంటూరు పక్కకు మిరపకాయ కోతలకు పోయి, రెండు మూడు నెలల తర్వాత బడికొచ్చేది. ఒక పరీక్షలో ఎద్దును వేయమన్నాను. ఆ పిల్ల వెనక కాళ్లు వేసి తుడిచి, వేసి తుడిచి, చివరికి పేపరుకు చిల్లు పడింది. నేనా పేపరును తరగతికంతా ఎత్తి చూపించి, "చేతకానోళ్లకే రబ్బరు కావాల" అన్నాను. పిల్లలంతా నవ్వారు. పదికి రెండు మార్కులేశాను. నాకు నేర్పిన సారు అట్లనే చేసేవాడు, నేనూ చేశాను.

"ఇప్పుడా పిల్ల యాడుండాది?" అంది నా భార్య.

"తెలీదు."

"కనుక్కోండి. ఆపరేషన్ అయింది కాలికి, నోటికి కాదు."

ఆ బడి పాత అటెండరును ఫోన్లో అడిగితే రెండు రోజులకు నంబరు సంపాదించి ఇచ్చాడు. ఆమె పత్తికొండలో టైలరింగ్ షాపు నడుపుతోందట. ఫోన్ చేసి నేనెవరో చెప్పగానే అవతల మిషను చప్పుడు ఆగింది. ఎద్దు సంగతి, నేనన్న మాట, అన్నీ చెప్పి, తప్పు చేశానమ్మా అన్నాను.

"ఎద్దు కాదు సార్, బర్రె" అంది. "మార్కులు కూడా రెండు కాదు, ఒకటి."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"శానా రోజులు ఏడ్చినా సార్. మళ్లీ బొమ్మల జోలికి పోలేదు. పెండ్లయినాక మగ్గం వర్కు నేర్చుకున్నా. ఇప్పుడు జాకెట్ల మీద డిజైన్లన్నీ నేనే గీస్తాండా." మళ్లీ తనే, "ఇన్నేండ్లకు ఎందుకు గుర్తొచ్చింది సార్?" అని అడిగింది.

ముసలాయన మూడో చెయ్యి గురించి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

"ఆ మీటింగుకు దుడ్లు కట్టల్లా సార్?"

"వద్దమ్మా. ఫోన్లో కూడా వస్తుంది."

లింకు పంపాను. తర్వాతి శనివారం పేర్ల వరుసలో ఆమె పేరు కనబడింది. సగంలో మాయమైంది. సాయంత్రం తనే ఫోన్ చేసి, జాకెట్టు కొలతలకు ఎవరో వచ్చినారని చెప్పింది. ఆ రోజు చూపించింది ఒక రాజు బొమ్మ.

"ఆయన అంగీకి కట్టుకునే ముడులు ఒక పక్కే ఉండాయి సార్. పక్కన నిలబడినోనికి రెండో పక్కన ఉండాయి. ఎందుకట్ల కుట్టినారో?"

నేను రాజు ముఖమే చూశాను, ముడులు చూడలేదు. నా భార్య ఆ ప్రశ్నను ఇంగ్లీషులో రాసి మ్యూజియం వాళ్లకు పంపింది. మంచి ప్రశ్న, కనుక్కొని చెప్తామని జవాబు వచ్చింది. అది అట్లనే పత్తికొండకు పంపించాను.